కూతవేటు దూరం... రోజంతా ప్రయాణం

కాంగో నది ఒడ్డున, కిన్షాసా నగరంలో ఓ తల్లిని ఊహించుకోండి. పొద్దున్న లేవగానే నది వైపు చూడటం ఆమెకు అలవాటు. అవతలి ఒడ్డున బ్రాజావిల్ నగరం. మంచు విడిపోతే ముందుగా కనిపించేది నబెంబా టవర్. 106 మీటర్ల ఎత్తు. ఆ టవర్‌కి నాలుగు వీధుల అవతలే ఆమె కూతురి కాపురం.

కూతురికి నెలలు నిండాయి. తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. ‘‘నొప్పులు మొదలైనట్టున్నాయి. ఎప్పటికి వస్తావమ్మా?’’

తల్లి దగ్గర జవాబు లేదు. కూతురు ఉండే పేట కళ్లెదుటే ఉంది. అక్కడి దీపాలు ఇంకా ఆర్పలేదని కూడా తెలుస్తోంది. కానీ ఎన్నింటికి చేరుకుంటుందో మాత్రం చెప్పలేదు. ఎందుకంటే నదికి ఇటుపక్కది ఒక దేశం, అటుపక్కది ఇంకో దేశం. కిన్షాసా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి రాజధాని. బ్రాజావిల్ కాంగో గణతంత్రానికి రాజధాని. రోమ్, వాటికన్‌ల సంగతి పక్కన పెడితే, ప్రపంచంలో ఇంత దగ్గరగా ఉన్న రాజధానుల జంట మరొకటి లేదు.

ఇంతకీ ఎంత దూరం?

రెండు ఊళ్ల మధ్య విమాన దూరం లెక్కగట్టడం బ్రహ్మవిద్యేం కాదు. రెండు విమానాశ్రయాల అక్షాంశాలూ రేఖాంశాలూ తీసుకుని, భూగోళం మీద వాటిని కలిపే అతి చిన్న గీత పొడవు కొలిస్తే సరి. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుని ఆ దూరాన్ని భాగిస్తే గాల్లో ఉండే సమయం తెలుస్తుంది. ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుకోవాలి. కైరో నుంచి కేప్‌టౌన్‌కి దాదాపు 7,200 కిలోమీటర్లు... అంటే తొమ్మిదిన్నర గంటలు. లాగోస్ నుంచి నైరోబీకి 3,800 కిలోమీటర్ల పైచిలుకు... సుమారు ఐదుంపావు గంటలు.

కిన్షాసాలోని న్జిలీ విమానాశ్రయం నుంచి బ్రాజావిల్‌లోని మాయామాయా విమానాశ్రయానికి ఇదే లెక్క వేస్తే వచ్చే దూరం దాదాపు 26 కిలోమీటర్లు. ప్రయాణం రెండంటే రెండు నిమిషాలు! అరగంట కలిపినా 32 నిమిషాలు.

నిజానికి అంత కొద్ది దూరంలో ఏ జెట్టూ పూర్తి వేగం అందుకోలేదు. పైకి లేచీ లేవగానే ఓ వంపు తిరిగి, దిగడానికి సిద్ధం కావాలి. సీటు బెల్టు విప్పే పనే ఉండదు. దూరదేశాల నుంచి వచ్చే విమానాలు కొన్ని, ఒకే ట్రిప్పులో ఈ రెండు నగరాల్లోనూ ఆగుతూ ఈ దూరం ఎగిరాయి. గాల్లో ఉండేది పది నిమిషాలు. కిటికీలోంచి కిందికి చూస్తే నది, తల తిప్పేసరికి రన్‌వే.

మరి ఆ తల్లి విమానమెక్కితే పోదా?

ఎక్కాలంటే ముందు న్జిలీకి చేరాలి. అది ఊరి నడిబొడ్డు నుంచి ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పైగా బ్రాజావిల్‌కి సరిగ్గా వ్యతిరేక దిశలో. అంటే కూతురి ఊరికి వీపు పెట్టి బయల్దేరాలన్నమాట. కోటిన్నర మందికి పైగా ఉన్న మహానగరం కిన్షాసా. అక్కడి ట్రాఫిక్‌లో ఆ కాస్త దూరానికే రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. విదేశీ ప్రయాణం కాబట్టి మూడు గంటల ముందే హాజరు కావాలి. పాస్‌పోర్టు, అనుమతి పత్రాలు, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపుపచ్చ కార్డు... అన్నీ ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. పది నిమిషాలు ఎగిరి దిగాక అవతల మళ్లీ అవే వరసలు, అవే ప్రశ్నలు. అక్కడి నుంచి కూతురి ఇంటికి కారు. అన్నీ కలిపితే ఆరేడు గంటలు. అందులో విమానం పనిచేసింది పది నిమిషాలు!

అదీ ఆ రోజు విమానం ఉంటేనే. నేరు విమానం దొరకని రోజున గాల్లోనే వెళ్లాలని పట్టుబడితే ఆడిస్ అబాబా వెళ్లి, అక్కడ విమానం మారి వెనక్కి రావాలి. పోవడం 3,000 కిలోమీటర్లు, రావడం 3,000 కిలోమీటర్లు. పారిస్ మీదుగా అయితే పన్నెండు వేలు. తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడం అంటే ఇదే. ముక్కు మాత్రం కళ్ల ముందే ఉంటుంది.

అందుకే మామూలు జనం విమానం ఊసెత్తరు. కిన్షాసాలోని న్గొబిలా రేవుకు పోతారు. అక్కడి నుంచి బ్రాజావిల్ రేవుకు సుమారు నాలుగు కిలోమీటర్లు. పెద్ద పడవైతే అరగంట అటూ ఇటూ. చిన్న మోటారు పడవైతే పది నిమిషాల పని. అంటే విమానం ఎంతో పడవా అంతే!

అయితే రేవులో ప్రయాణమంటే నీటి మీద గడిపే పది నిమిషాలు కాదు. టికెట్ కోసం ఒక వరస. ముద్ర కోసం ఒక వరస. టీకా కార్డుకు ఒకటి. సంచి విప్పి చూపించడానికి ఇంకొకటి. మధ్యలో ‘త్వరగా పని చేయిస్తాం’ అంటూ చుట్టూ మూగే దళారులు. పడవ నిండితేగానీ కదలదు. చీకటి పడితే రేవు మూసేస్తారు. రాత్రి నొప్పులొచ్చిన కూతురి కోసం తల్లి తెల్లారేదాకా ఒడ్డున కూర్చోవాల్సిందే.

ఆ రేవులో ఒకప్పుడు ఓ వింత దృశ్యం కనిపించేది. చేత్తో తిప్పే మూడు చక్రాల బళ్ల మీద వికలాంగులు, ఆ బళ్ల నిండా సరకుల మూటలు. వికలాంగులకు పడవ ఛార్జీలోనూ సుంకంలోనూ రాయితీ ఉండేది. దాన్నే ఆసరా చేసుకుని వాళ్లు సబ్బులు, బట్టలు, పిండి బస్తాలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేసే వ్యాపారులయ్యారు. నడవలేనివాళ్లే రెండు దేశాల మధ్య ఎక్కువసార్లు తిరిగారు!

ఇంత దగ్గర ఊళ్లు ఇంత దూరం ఎందుకయ్యాయి? ఆ కథ 1880లో మొదలైంది.

ఆ ఏడాది ఫ్రాన్స్ తరఫున పియెర్ డి బ్రాజా అనే అన్వేషకుడు నది ఉత్తరపు ఒడ్డుకు వచ్చాడు. తేకే ప్రజల రాజు మకోకోతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ చోటుకు కాపలాగా సెనెగల్‌కి చెందిన సార్జెంట్ మలమీన్‌ని, కొద్దిమంది మనుషుల్ని ఉంచి వెళ్లాడు. 1881లో బెల్జియం రాజు లియోపోల్డ్ పంపిన హెన్రీ స్టాన్లీ అక్కడికి చేరుకునేసరికి మలమీన్ ఫ్రెంచి జెండాతో ఎదురొచ్చాడు. ఈ ఒడ్డు మాదన్నాడు. స్టాన్లీ చేసేదిలేక నది దాటి దక్షిణపు ఒడ్డున మరో స్థావరం కట్టుకున్నాడు. దానికి తన రాజు పేరే పెట్టాడు... లియోపోల్డ్‌విల్. 1966లో కిన్షాసాగా మారింది ఆ ఊరే. ఇటు బ్రాజా పేరుతో బ్రాజావిల్. ఐరోపా వాళ్లిద్దరి పోటీలో ఒక నదికి ఇద్దరు యజమానులు తయారయ్యారు. అంతకుముందు అదే నదిలో రెండు ఒడ్ల జనమూ పడవలేసుకుని సంతలకు వచ్చిపోయేవారు. వాళ్లకది సరిహద్దు కాదు, దారి.

యజమానులకు కావలసింది సముద్రం. ఈ నగరాలకు దిగువన కాంగో నది వరసగా జలపాతాల్లో పడుతుంది. ఓడలు సాగవు. లోతట్టు నుంచి తెచ్చిన దంతాలు, రబ్బరు ఐరోపాకు పంపాలంటే రైలే గతి. బెల్జియం వాళ్లు దక్షిణపు వైపున 1890లో పని మొదలుపెట్టి 1898లో మతాడి రేవుకు రైలు నడిపారు. అది 366 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్లు ఊరుకుంటారా? ఉత్తరపు వైపున 1921లో మొదలెట్టి 1934 నాటికి పాయింట్ నోయిర్ రేవు దాకా 500 కిలోమీటర్లకు పైగా పట్టాలు పరిచారు. బలవంతపు చాకిరీతో సాగిన ఆ రెండో రైలు పనిలో తక్కువలో తక్కువ 17 వేలమంది చనిపోయారని అంచనా.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒకే నదికి రెండు పక్కలా రెండు రైలు మార్గాలు. రెండూ ఒకే సముద్రానికి పోతాయి. అడవులు కొట్టారు, కొండలు తొలిచారు, వేల ప్రాణాలు బలిపెట్టారు. కానీ ఆ రెండు ఊళ్లనూ కలుపుతూ నది మీద ఒక్క వంతెన వేయాలని ఎవరికీ తోచలేదు. అవసరం లేదు కాబట్టి. రైలు సరకు కోసం వేశారు. ఒడ్డు నుంచి ఒడ్డుకు వెళ్లేవాళ్లు మామూలు మనుషులు.

ఆకాశంలోనూ అదే వరస. 1925లో ఎడ్మండ్ తియెఫ్రీ అనే బెల్జియం వైమానికుడు బ్రస్సెల్స్ నుంచి లియోపోల్డ్‌విల్‌కి విమానంలో వచ్చాడు. దారిలో ఆగుతూ ఆగుతూ 51 రోజులు పట్టింది. వేల కిలోమీటర్ల అవతలున్న యజమాని ఊరికి దారి వేయడానికి అంత సాహసం చేశారు. ఆ తర్వాత పుట్టిన విమాన మార్గాలు కూడా ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగానే సాగాయి. బ్రస్సెల్స్‌కి, పారిస్‌కి, లండన్‌కి. పక్క ఊరికి కాదు.

1960లో రెండు కాంగోలకీ స్వాతంత్ర్యం వచ్చింది. జూన్ 30న ఒకదానికి, ఆగస్టు 15న రెండోదానికి. జెండాలు మారాయి. దారులు మాత్రం పాతవే మిగిలాయి. ఒక ఒడ్డున కాంగో ఫ్రాంకు చెల్లుతుంది, రెండో ఒడ్డున సీఎఫ్ఏ ఫ్రాంకు. నది దాటితే జేబులో డబ్బు మార్చుకోవాలి.

ఇంత చేసినా మనుషుల్ని విడదీయడం ఎవరి తరం కాలేదు. రెండు ఒడ్లా లింగాలా భాష వినిపిస్తుంది. ఈ ఒడ్డు రేడియో ఆ ఒడ్డున మోగుతుంది. కిన్షాసాలో 1956లో ఓకే జాజ్ అనే సంగీత బృందాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకడైన జాన్ సెర్జ్ ఎస్సూ, 1959లో బ్రాజావిల్‌లో ‘లే బాంటూ’ బృందం పుట్టుకలో ముందున్నాడు. ఇక్కడ పుట్టిన పాట అక్కడికి పోయేది, అక్కడి గిటారు ఇక్కడికి వచ్చేది. 2021లో యునెస్కో కాంగో రుంబా సంగీతాన్ని మానవాళి వారసత్వ సంపదగా గుర్తించింది. దరఖాస్తు పెట్టింది ఏదో ఒక దేశం కాదు... రెండు కాంగోలూ కలిసి. పాటకు పాస్‌పోర్టు అడిగేవాళ్లు లేరు మరి!

కష్టమొచ్చినప్పుడు కూడా అంతే. 1997 మే నెలలో కిన్షాసాలో మొబుటు ప్రభుత్వం కూలుతుంటే భయపడినవాళ్లు పడవలెక్కి బ్రాజావిల్‌కి పోయారు. జూన్ వచ్చేసరికి బ్రాజావిల్‌లోనే అంతర్యుద్ధం అంటుకుంది. ఈసారి అక్కడివాళ్లు పడవలెక్కి కిన్షాసాకు వచ్చారు. ఎవరింటికి నిప్పంటుకుంటే వాళ్లు పక్కింటికి పరిగెత్తారు. ఆ పూట నది వెడల్పు ఎవరికీ గుర్తుకురాలేదు.

కానీ ఆ దూరం ఒక్కోసారి ఒక్క రాత్రిలో పెరిగిపోతుంది కూడా. 2014లో బ్రాజావిల్ పోలీసులు, సరైన కాగితాలు లేవంటూ అవతలి ఒడ్డువాళ్లను ఏరివేయడం మొదలుపెట్టారు. కొద్ది నెలల్లో లక్ష మందికి పైగా నది దాటి వెనక్కి వచ్చేశారు. ఏళ్ల తరబడి అక్కడే బతికినవాళ్లు, అక్కడి మనుషుల్ని పెళ్లి చేసుకున్నవాళ్లు, అక్కడి బడిలో చదువుకునే పిల్లలు... అందరూ మూటాముల్లెతో న్గొబిలా రేవులో దిగారు. 2020లో కరోనా వచ్చి సరిహద్దు మూతపడినప్పుడు కూడా ఇంతే. నాలుగు కిలోమీటర్లు కాస్తా దాటరాని దూరమైంది. పటంలో మాత్రం ఒక్క మీటరు కూడా పెరగలేదు.

ఈ రెండు ఊళ్లది కాస్త విడ్డూరమైన కథే అయినా, ఒంటరి కథ కాదు. ఆఫ్రికాలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి విమానంలో పోవాలంటే ఐరోపా దాకా వెళ్లి రావలసిన రోజులు చాలాకాలం నడిచాయి. దీన్ని మార్చాలని ప్రయత్నాలూ జరిగాయి. ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన దేశాలు కొన్ని కలిసి 1961లో ‘ఎయిర్ ఆఫ్రిక్’ పెట్టుకున్నాయి. అందరిదీ అనుకున్న ఆ సంస్థ అప్పుల పాలై 2002లో మూతపడింది. ఈలోగా 1999లో ఐవరీకోస్ట్‌లోని యామూసుక్రోలో దేశాలన్నీ కూర్చుని, ఆఫ్రికా విమానాలకు ఆఫ్రికా ఆకాశాన్ని తెరవాలని తీర్మానించాయి. తీర్మానం కాగితం మీద దాదాపు ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. 2018 జనవరిలో ఆఫ్రికన్ యూనియన్ దాన్ని ఒకే ఆఫ్రికా విమాన విపణి పేరుతో మళ్లీ పట్టాలెక్కించింది. మొదట్లో చేరినవి 23 దేశాలు.

ఆకాశం తెరుస్తామని ఒప్పుకోవడం వేరు, తెరవడం వేరు. ప్రతి దేశానికీ తన విమాన సంస్థ మీద ప్రేమ. పొరుగువాడి విమానం వస్తే తమ విమానం ఖాళీగా పోతుందేమోనని భయం. విమానాశ్రయంలో వసూలు చేసే పన్నులు, రుసుముల మీద ఆశ. దాంతో ఆఫ్రికాలో టికెట్ ధర దూరాన్ని బట్టి ఉండదు. జనం తక్కువ ఎక్కుతారు కాబట్టి ధర ఎక్కువ, ధర ఎక్కువ కాబట్టి జనం తక్కువ. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు... ఆ సామెత కథే.

నది మీద వంతెన మాట కూడా ఇలాగే నడుస్తోంది. 2018 నవంబరులో ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు చొరవతో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నగరాలకు ఎగువన మలుకు దగ్గర 1,575 మీటర్ల పొడవున వంతెన కట్టాలన్నది ఆలోచన. రెండు వరసల రోడ్డు, రైలు పట్టాలు, నడిచేవాళ్లకు దారి, రెండు దేశాలకూ కలిపి ఒకే తనిఖీ కేంద్రం. ఒకే తనిఖీ కేంద్రం! రేవులో వరసల్లో నిలబడినవాళ్లకు ఆ మాట వంతెన కన్నా తియ్యగా వినిపిస్తుంది. అయితే వంతెన ఇంకా లేవలేదు. 366 కిలోమీటర్ల రైలుకు ఎనిమిదేళ్లు పట్టింది. ఒకటిన్నర కిలోమీటర్ల వంతెనకు ఎన్నేళ్లు పడుతుందో!

దూరాన్ని కొలవడానికి కిలోమీటరు ఒక్కటే సరిపోదని ఈ రెండు ఊళ్లూ చెబుతాయి. మధ్యలో ఎన్ని తలుపులున్నాయి, వాటిలో ఎన్ని తెరుచుకుంటాయి, ఎవరికి తెరుచుకుంటాయి... అవి కూడా లెక్కలోకి రావాలి. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడికి బ్రాజావిల్ పది నిమిషాల దూరం. సంచిలో బాలింతకు కావలసినవన్నీ సర్దుకుని వరసలో నిలబడ్డ తల్లికి ఒక పగటి దూరం. కాగితం ఒకటి తక్కువైతే అంతకన్నా దూరం.

ఆ తల్లి సంగతేమైందంటారా?

పొద్దున్నే రేవుకు చేరింది. మొదటి వరస, రెండో వరస, ముద్ర, టీకా కార్డు. సంచి విప్పి చూసినవాడు పసిగుడ్డుకు తెచ్చిన ఊలు టోపీని ఇటూ అటూ తిప్పి మళ్లీ లోపల పెట్టేశాడు. పడవ నిండేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నదిలో పది నిమిషాలు. అవతల మళ్లీ వరసలు. కూతురి ఇంటి గుమ్మం తొక్కేసరికి పొద్దు వాలుతోంది. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

మనవరాలు. పుట్టి నాలుగు గంటలైందట!

బిడ్డను ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుందామె. నదికి అవతల తన ఊళ్లో అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి. తన ఇల్లు ఎటుపక్కనుందో వేలెత్తి చూపించింది, ఇంకా కళ్లు తెరవని పసిదానికి.